తూము ఎత్తే చెయ్యి

పెన్న పుట్టిన సీమ – 8వ భాగం

గత భాగంలో గుమ్మనాయకనపాళ్యం కోట నుంచి గుడిబండ కొండ దాకా పాళెగాళ్ల వెంట తిరిగాం. ఈసారి కొండ దిగుదాం. కోటలు కట్టించినవాళ్ల పేర్లు శాసనాల్లో నిలిచాయి. వాళ్ల గుర్రాలకు ఉలవలు పండించినవాళ్ల సంగతి మాత్రం గెజిటీర్లలో, కోర్టు తీర్పుల్లో, ఇనాం రికార్డుల్లో ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఒక మామూలు రైతుపల్లె రెండొందల ఏళ్లలో ఎట్లా మారిందో తెలుసుకోవాలంటే, ఊళ్లో నీళ్లు ఎవరు వదిలారు, ఎవరికి వదిలారు అని అడుగుతూ పోవడం మంచి దారి అని నాకు అనిపిస్తుంది. కులం, భూమి, అప్పు, భాష అన్నీ ఆ దారిలోనే ఎదురవుతాయి.

నంది కొండల చుట్టుపక్కల పెన్న, చిత్రావతి, పాపాగ్ని, పాలారు పుడతాయి. నాలుగు నదులు పుట్టే గడ్డ మీద ఒక్క నది కూడా ఏడాది పొడుగునా పారదు. వాన సాలుకు ఏడొందల మిల్లీమీటర్లు అటూ ఇటూ, అదీ నమ్మకం లేని వాన. అందుకే ఇక్కడ మనిషి స్థిరపడాలంటే ముందు కట్ట వేయాలి. పాత కోలారు జిల్లాలో వేల సంఖ్యలో ఉన్న చెరువులన్నీ ఆ అవసరంలోంచి పుట్టినవే. ఒకదాని మరువ నీళ్లు కింది చెరువుకు, దాని మరువ ఆ కిందిదానికి చేరేట్టు గొలుసుకట్టుగా వాటిని కట్టారు.

ఆ కట్టల కింద చేరినవాళ్లు ఒకచోటి వాళ్లు కారు. ఈ సీమను పూర్వం మొరసునాడు అనేవారు. ఆవతి దగ్గర బండ్లు విప్పి నిలిచిన మొరసు ఒక్కలిగల కథ మొదటి భాగాల్లో చెప్పుకున్నాం. ఆ వంశంలోని మల్లబైరేగౌడ 15వ శతాబ్దం చివర చిక్కబళ్ళాపురానికి పునాది వేశాడని ఐతిహ్యం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు మారాక, ఆ వైపు నుంచి కాపులు, బలిజలు, గొల్లలు, బోయలు రావడం ఇంకా ఎక్కువైంది. షాజీ జాగీరు రోజుల నుంచి మరాఠా కుటుంబాలు దిగాయి. చింతామణి ఊరికి ఆ పేరు ఇచ్చింది చింతామణిరావు అనే మరాఠా నాయకుడే. శిరా మొగలాయి సుబా, దాని వెనక హైదర్, టిప్పుల సైన్యాలు ముస్లిం సిపాయిలనూ చేతిపనివాళ్లనూ తెచ్చాయి. తోటపని చేసే తిగళులు తమిళ సీమ నుంచి, చెరువులు తవ్వే వడ్డెలు పని ఉన్న ప్రతి దిక్కు నుంచీ వచ్చారు. గిద్దలూరు దగ్గరి మోక్షగుండం నుంచి వలస వచ్చిన ములకనాటి బ్రాహ్మణ కుటుంబం ఒకటి ముద్దేనహళ్ళిలో స్థిరపడింది. 1861లో అక్కడ పుట్టిన పిల్లవాడే విశ్వేశ్వరయ్య. దేశానికంతా నీటి ఇంజనీరుగా పేరుపడ్డ మనిషి పుట్టిన ఊరి చుట్టూ నీటికి కటకట.

టిప్పు చనిపోయిన మరుసటి ఏడు, 1800లో, కంపెనీ పంపిన డాక్టర్ ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు రాజ్యమంతా తిరుగుతూ ఇటు కూడా వచ్చాడు. చిక్కబళ్ళాపురంలో తయారయ్యే కలకండ చైనా కలకండకు తీసిపోదని రాసుకున్నాడు. చెరకు కావాలంటే తడి భూమి కావాలి, తడి భూమి కావాలంటే చెరువు నిండాలి. ఇంతటి మెట్ట సీమలో అంత మేలైన పంచదార తయారైందంటే చెరువుల వ్యవస్థ ఎంత గట్టిగా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఆ వ్యవస్థకు గుండెకాయ నీరుగంటి. చెరువు తూము ఎత్తేదీ దించేదీ అతనే. ఏ మడికి ఎంతసేపు పారాలో, ఏ రాత్రి ఎవరి వంతో అతనికే తెలుసు. వాన ముసురు పట్టినప్పుడు కట్ట మీద కాపలా అతనిది, గండి పడేట్టుంటే ఊరిని లేపేదీ అతనే. సొంత మడి ఉన్న రైతు తనంతట తాను నీళ్లు మళ్లించుకోవడం తప్పు. ఎంత పెద్ద రెడ్డి అయినా, గౌడ అయినా నీరుగంటి వచ్చి మడవ తీసేదాకా ఆగాల్సిందే. నీళ్లు తక్కువైన ఏడు కొన్ని ఊళ్లలో పెద్దలు కూర్చుని, తూముకు దగ్గరి మడుల్లోనే అందరూ తలా కొంచెం నాటుకునేట్టు ఒప్పందం చేసుకునేవారు. దాన్ని అమలు చేసేదీ నీరుగంటే.

కోలారు సీమలో ఈ పని ఎక్కువగా దళిత కుటుంబాలది. తండ్రి నుంచి కొడుక్కు వచ్చే పని. కళ్లంలో రాశి పడగానే, ధాన్యం ఇల్లు చేరకముందే, అతనికి ఇన్ని మోపులు, ఇన్ని సేర్లు అని కొలిచి ఇచ్చేవారు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, తోటి అందరికీ అదే పద్ధతిలో ఆయం. నీరుగంటికి కొంత ఇనాం భూమి కూడా ఉండేది. ఊరి వరికంతటికీ నీళ్లు పంచే ఈ మనిషి ఊరి మంచినీళ్ల బావిలో చేద వేయడానికి మాత్రం వీల్లేదు. చెరువు నీళ్ల న్యాయం గురించి మురిసిపోతూ రాసే పుస్తకాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఆ న్యాయం మడి గట్టు దగ్గరే ఆగిపోయేదని వాటిలో చాలావాటికి గుర్తుండదు.

1876లో ధాత కరువు వచ్చింది. వరసగా వానలు ఎగ్గొట్టాయి, చెరువులు బీటలు వారాయి. 1871 లెక్కల్లో 50 లక్షలు దాటిన మైసూరు రాజ్య జనాభా 1881కి 42 లక్షలకు పడిపోయింది. కోలారు ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. కళ్లంలో రాశే లేనప్పుడు ఆయం ఎక్కడిది? ధాన్యం వాటా మీద బతికే నీరుగంటి, తోటి, కుమ్మరి ముందు ఖాళీ అయ్యారు. చేతిలో పైకం, పురిలో పాత రాగులు ఉన్నవాళ్లు తట్టుకుని, పోయినవాళ్ల భూములు చవగ్గా కొన్నారు. కరువు పోయాక ఊళ్లకు తిరిగొచ్చినవాళ్లలో చాలామంది తమ పాత చేలకే కూలీలయ్యారు.

కరువు నేర్పిన పాఠం బావి. చెరువు మొత్తం ఊరిది, బావి మాత్రం తవ్వించినవాడిది. కపిల కట్టి జోడెద్దులతో తోలు బానలో నీళ్లు తోడితే ఎకరానో అరెకరానో పచ్చగా ఉంచుకోవచ్చు. మైసూరు రాజ్యంలో బావి సేద్యానికి కోలారు జిల్లా పేరుపడింది. బావి కింద బంగాళాదుంప, ఉల్లి, కూరగాయలు, మల్బరీ వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురానికి చిన్న గేజి రైలు పడింది, అటు కోలారు వైపు గీత కలిసింది. కూరగాయల బుట్టలు రైలెక్కి దండు బజారు చేరేవి. బెంగళూరు దండులో తెల్ల సిపాయిలు తినే దుంప, క్యాబేజీ ఈ పల్లెల్లో కొత్త తోటకాపులను తయారుచేశాయి.

ఇక ఇళ్లలో మాట్లాడే భాష సంగతి. మొరసు ఒక్కలిగల్లో చాలామంది ఇళ్లలో తెలుగే. మాదిగవాడలో తెలుగు, కురుబల్లో కొన్ని ఇళ్లలో కన్నడ, కొన్ని ఇళ్లలో తెలుగు, ముస్లింల ఇంట దక్కనీ ఉర్దూ, వీధిలోకి వస్తే అందరికీ తెలుగు. దస్తావేజు మాత్రం కన్నడంలోనే. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం ముందుకు కోలారు జిల్లా వ్యవహారం వచ్చింది. జిల్లాలో సగానికి పైగా తెలుగు మాట్లాడేవాళ్లే కదా, ఆంధ్రలో కలపాలని ఒక వాదన. సంఘం ఒప్పుకోలేదు. ఇక్కడి జనం మార్కెట్టూ, రైలూ, కచేరీ అన్నీ బెంగళూరుతో ముడిపడి ఉండగా ఇల్లు మాట్లాడే భాషను బట్టి గీత గీస్తే బతుకు తెగుతుంది. నా మటుకు నాకు ఆ నిర్ణయం సబబే అనిపిస్తుంది. గీత పడ్డాక మాత్రం తెలుగు చదువు ఇక్కడ ఎవరికీ పట్టలేదు. కైవారం తాతయ్యగా జనం కొలిచే నారేయణ యతీంద్రుల తెలుగు కీర్తనలను ఈ సీమ భజన మందిరాల్లో ఇప్పటికీ పాడతారు. పాడేవాళ్ల చేతిలో పుస్తకం కన్నడ లిపిలో ఉంటుంది.

ఒకే గుడి, ఒకే దర్గా దగ్గర అన్ని కులాలూ కలిసే చోట్లు కూడా ఉన్నాయి. చింతామణి తాలూకా మురుగమల్లలో అమ్మాజాన్ బాబాజాన్ దర్గాకు ముస్లింలతో పాటు హిందువులూ అంతే పోతారు. దయ్యం పట్టిందనో, జబ్బు తగ్గలేదనో నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లు రెండు మతాల్లోనూ ఉన్నారు. అదే ఊళ్లో ముక్తీశ్వరుడి గుడికి కూడా జనం పోతారు. పల్లెల్లో పీర్ల పండుగకు గుండం తవ్వేదీ, కట్టెలు మోసేదీ ముస్లింలు ఒక్కరే కాదు. అయితే మొక్కు దగ్గర కలిసిన మనుషులు బావి దగ్గర కలిశారని అర్థం కాదు. ఆ రెండింటినీ కలిపి ‘మతసామరస్యం’ అని ఒక్క మాటలో సర్దేయడం పత్రికలవాళ్ల సౌకర్యం.

మతాలనూ కులాలనూ నిజంగా లెక్కల దగ్గర కూర్చోబెట్టింది పట్టు. మైసూరు రాజ్యానికి పట్టుపురుగును తెప్పించి పెంచే కేంద్రాలు పెట్టించింది టిప్పు. శిడ్లఘట్ట, చింతామణి, విజయపుర వైపు అది ఇంటింటి పని కావడానికి తర్వాత వందేళ్లకు పైగా పట్టింది. వరికి కావలసిన నీళ్లలో కొద్ది పాలుతో మల్బరీ నిలుస్తుంది. పావెకరం తోట ఉన్నా చాలు, ఇంట్లో ఒక గది, నాలుగు తట్టలు, చంద్రికలు ఉంటే పంట తీయవచ్చు. గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు అల్లేదాకా నెలకు అటూ ఇటూ. పురుగు నాలుగు సార్లు పొర విడుస్తుంది. ఆ నిద్రలను ఇక్కడివాళ్లు జ్వరాలు అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్కపెట్టుకుంటూ ఇంటి ఆడవాళ్లు అర్ధరాత్రి లేచి ఆకు తరిగి వేస్తారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు పురుగు తినే వేగానికి ఇల్లంతా వాన పడ్డట్టు చప్పుడు. ఆ వారం పెళ్లికి పిలిచినా ఎవరూ పోరు. పసిబిడ్డ కంటే పురుగు మీదే ఎక్కువ చూపు. పొగ తగలకూడదు, ఘాటు వాసన తగలకూడదు, బయటి మనిషి గదిలోకి రాకూడదు.

ఈ పంటలో రైతుకూ భూమికీ మధ్య ఉన్న పాత లెక్క మారింది. ఏడాదికి ఒకసారి కళ్లం దగ్గర చూసే రాబడి ఇప్పుడు రెండు నెలలకోసారి నోట్ల రూపంలో వస్తుంది. ఎకరం భూమి ఉన్న దళితుడూ, బోయా, తోటకాపూ కూడా పురుగు పెంచి గూళ్లు మూట కట్టుకుని శిడ్లఘట్ట మార్కెట్టుకు పోవచ్చు. 1959లో వచ్చిన కర్ణాటక చట్టం గూళ్లను సర్కారు మార్కెట్లోనే అమ్మాలని కట్టడి చేసింది. అంతకుముందు దళారి చెప్పిందే ధర. ఇంటికే వచ్చి అప్పులో చెల్లు రాసుకుని గూళ్లు ఎత్తుకుపోయే పద్ధతి ఉండేది. సర్కారు మార్కెట్లో తూకం అందరి ముందు, వేలం అందరి ముందు. ఈమధ్య ఆ వేలం కంప్యూటర్లోకి, ఫోన్లోకి మారింది.

కొనేవాళ్లు గూళ్ల నుంచి దారం తీసే రీలర్లు. శిడ్లఘట్టలో, చింతామణిలో రీలింగ్ ఇళ్లు ఎక్కువగా ముస్లింలవే. రీలరు ఇంట్లో ఉర్దూ, రైతుతో తెలుగు, రసీదు కన్నడంలో. ధర దగ్గర గొడవ రావచ్చు గాని ఒకరు లేకుంటే ఇంకొకరి బతుకు ఆగిపోతుంది. గూడు కోసిన నాలుగైదు రోజుల్లో అమ్ముడు పోకుంటే లోపలి పురుగు చిలుకై గూడు చీల్చుకుంటుంది. రైతు ఆగలేడు. మరిగే నీళ్ల బేసిను దగ్గర కొలువులో ఉన్న కూలీలను ఖాళీగా కూర్చోబెట్టి రీలరూ ఆగలేడు. దేశంలో మతం పేరు మీద నిప్పు రాజుకున్న ఏళ్లలో ఈ ఊళ్లు చాలావరకు నిలదొక్కుకున్నాయంటే, ఈ అవసరానికి అందులో పెద్ద పాలుందని నా అంచనా.

పట్టుకు కూడా చీకటి వైపు ఉంది. రీలింగ్ కొట్టాల్లో మరిగే నీళ్లలో చేతులు పెట్టి దారం కొసలు పట్టే పనికి పిల్లలను పెట్టేవారు. కన్నవాళ్లు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఆ పిల్ల కదలడానికి లేదు. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ దేశంలోని పట్టు పరిశ్రమ మీద వెలువరించిన నివేదిక కర్ణాటకలోని ఇలాంటి వెట్టిని వివరంగా రాసింది. అప్పు కింద పొలంలో జీతం ఉండే తండ్రి, పట్టణంలో అడ్వాన్సు కింద ఉండే బిడ్డ. పేరు మారింది గాని ముడి అదే.

1980లో బెంగాల్ నుంచి వచ్చిన గూళ్లతో ఊజీ ఈగ ఇక్కడికి చేరింది. పురుగు మీద గుడ్డు పెట్టి లోపలి నుంచి తినేసే ఆ ఈగ దెబ్బకు తట్టలు తట్టలు పారబోశారు. కిటికీలకు నైలాను తెర బిగించడం అప్పటి నుంచే అలవాటైంది. తర్వాతి దెబ్బ ఈగది కాదు. 2011 కేంద్ర బడ్జెట్ ముడి పట్టు మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. చైనా పట్టు వచ్చి పడింది, గూళ్ల ధర కూలింది. మల్బరీని వేళ్లతో పెకిలించి టమాటా వేసినవాళ్లు ఎందరో. 2013లో సుంకం 15 శాతానికి పెంచినా, పెకిలించిన తోట మళ్లీ ఎదగడానికి టైం కావాలి, అప్పటిదాకా అప్పు ఆగదు.

ఇక భూమి దగ్గరికి వద్దాం. 1954లో ఇనాముల రద్దు, 1961లో గ్రామోద్యోగాల రద్దు. పటేలు, శానుభోగుల వంశపారంపర్యం పోయింది. దానితోపాటే తలారి, తోటి, నీరుగంటి ఉద్యోగాలూ పోయాయి. చెరువులు సర్కారు శాఖల చేతికి వచ్చాయి. శాఖకు ఇంజనీరు ఉన్నాడు గాని రాత్రిపూట మడవ తిప్పే మనిషి లేడు. ముఖ్యమంత్రి దేవరాజ అరసు హయాంలో 1974 మార్చి నుంచి అమలైన భూసంస్కరణ సవరణ కౌలుదారుకు భూమి హక్కిచ్చింది. ఈ సీమలో దాని లాభం ఎక్కువగా కౌలు చేస్తున్న ఒక్కలిగలకు, రెడ్లకు, బలిజలకు దక్కింది. జీతగాడికి కౌలు కాగితం ఎక్కడిది? అతనికి పనికొచ్చినవి 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, అదే ఏట రుణవిముక్తి చట్టం. 1978లో వచ్చిన ఇంకో చట్టం దళితులకు సర్కారు ఇచ్చిన భూమిని ఇంకొకరు కొంటే ఆ అమ్మకం చెల్లదన్నది. ఆ చట్టం కింద నడిచిన వ్యాజ్యాలు చింతామణి, బాగేపల్లి కచేరీల్లో కుప్పలు.

చట్టం కాగితం మీద నుంచి వాడకు రావడానికి సంఘం కావలసి వచ్చింది. 1970ల చివర బాగేపల్లిలో అడాట్స్ అనే సంస్థ పని మొదలుపెట్టింది. దాని నీడలో ఊరూరా కూలి సంఘాలు లేచాయి. వడ్డీకి బదులు సొంత నిధి, రెడ్డిగారి అరుగు దగ్గర నిలబడే బదులు వారానికోసారి సొంత కూటమి. మరోవైపు ఎర్రజెండా. మార్క్సిస్టు పార్టీకి కర్ణాటకలో అసెంబ్లీ సీటు దక్కిన బహు కొద్ది చోట్లలో బాగేపల్లి ఒకటి. జి.వి. శ్రీరామరెడ్డి 1994లో, 2004లో ఇక్కడ గెలిచారు. ఆ సభల్లో ఉపన్యాసాలు ఎక్కువగా తెలుగులోనే. దళిత సంఘర్ష సమితి కూడా కోలారు జిల్లాలో బలంగా పనిచేసింది.

తల ఎత్తినందుకు చెల్లించిన ధర కూడా చెప్పాలి. 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవంగా తగలబెట్టారు. కేసులో సాక్షులు అడ్డం తిరిగారు. 2006లో కింది కోర్టు నిందితులందరినీ వదిలేసింది, 2014లో హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఏడు ప్రాణాలు పోయాయి, చంపినవారెవరూ లేరని న్యాయం తేల్చింది. అప్పటికే దేశానికి ఐటీ రాజధాని అని చెప్పుకునే నగరం అక్కడికి నూరు కిలోమీటర్ల లోపు.

పొలంలో కూలికి గిరాకీ కూడా అదే కాలంలో తగ్గింది. 1980ల మొదట్లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచిన సామాజిక అడవుల పథకం కింద రాగి చేలలో నీలగిరి నాటారు. రాగి, అనప, కంది కలిపి వేసిన చేనులో విత్తనం, కలుపు, కోత, నూర్పిడి అంటూ కూలీకి నాలుగైదు విడతల పని. నీలగిరికి ఒకసారి నాటితే ఆరేడేళ్ల దాకా ఎవరూ అక్కర్లేదు. బెంగళూరులో ఉండి భూమి చూసుకోలేని ఆసామికి అది వరం. కూలీకి ఇంటిముందు పని పోయింది, సంగటికి రాగులు పోయాయి, పశువుకు గడ్డి పోయింది. నేల కింది నీళ్లు లాగేస్తుందని రైతు సంఘాలు ఆనాడే మొత్తుకున్నాయి. సర్కారు కొత్త నీలగిరి నాట్లు ఆపించింది 2017లో.

ఆ నేల కింది నీటికి ఇంకో గండం బోరు. 1970ల దాకా కపిల బావి లోతు ముప్పై నలభై అడుగులు. కరెంటు మోటారు వచ్చాక బావి అడుగంటింది, బావి అడుగున బోరు దించారు, తర్వాత బావితో పనే లేకపోయింది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గు లారీలు ఈ పల్లెల్లో దిగని వేసవి లేదు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని నడిచే జలం చూసేవాడు ఒక చోటు చూపిస్తాడు. రెండొందల అడుగులకు పడిన నీళ్లు వెయ్యికి, వెయ్యిన్నరకు దిగాయి. 2008 నుంచి పది హెచ్‌పీ దాకా మోటారుకు కరెంటు ఉచితం. నీళ్లు తోడడానికి ఖర్చు లేదు గాని నీళ్లు వెతకడానికి లక్షలు. మూడు బోర్లు ఎండి నాలుగోది వేయగలిగేవాడే రైతుగా మిగిలాడు. మిగతావాళ్లు దొడ్డబళ్ళాపుర, గౌరిబిదనూరు గార్మెంటు బస్సులు ఎక్కారు, లేదా బెంగళూరు కట్టడాల్లో సెంట్రింగ్ పనికి పోయారు. లోతు నీళ్లలో ఫ్లోరైడు. బాగేపల్లి పల్లెల్లో పిల్లల పళ్ల మీది గారలే సాక్ష్యం. ఇప్పుడు ఊరూరా శుద్ధనీటి యంత్రం దగ్గర నాణెం వేసి క్యాను నింపుకోవడమే. ఒక విచిత్రం, ఆ కొళాయి దగ్గర వరసకు కులం లేదు. బావి ఇవ్వని మర్యాద నాణెం ఇచ్చింది.

ఇన్ని దెబ్బల మధ్య ఇంటిని నిలబెట్టింది ఆవు. 1987లో కోలారు పాల సంఘం ఏర్పడ్డాక, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి క్యానుతో డైరీకి పోవడం ఆడవాళ్ల దినచర్యలో పడింది. వర్షం వచ్చినా రాకున్నా పాల బిల్లు వస్తుంది. కొట్టం లేని దళిత ఇంట కూడా ఒక సంకర ఆవు చేరింది. బాగేపల్లి కూలి సంఘాలు ఆ పేడనే పట్టుకుని పెద్ద పని చేశాయి. ఐదున్నర వేల ఇళ్లకు రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ గుంతలు కట్టే పథకం క్యోటో ఒప్పందం కింద 2005లో నమోదైంది. కట్టె పొయ్యి మానినందుకు తగ్గిన పొగను లెక్కగట్టి ఐరోపా వాళ్లకు అమ్మారు. బాన్‌లో జరిగే వాతావరణ లెక్కల్లో గూళూరు, మిట్టెమరి పల్లె ఆడవాళ్ల వంటగది చేరడం ఈ జిల్లా చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టాల్లో ఒకటి.

2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. మరుసటి ఏడు దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరుచుకుంది. నాలుగు వరసల హైదరాబాదు రోడ్డు పక్కన భూమి ధర రాగికీ, ద్రాక్షకూ, పట్టుకూ అందనంత ఎత్తుకు పోయింది. వ్యవసాయం చేయనివాడు సేద్యపు భూమి కొనకూడదన్న పాత కట్టడిని 2020 సవరణ తీసేసింది. నంది పరిసరాల్లో ఇప్పుడు గులాబీ పాలీహౌసు, వారాంతపు రిసార్టు, కంచె వేసి వదిలేసిన ఎకరాలు పక్కపక్కనే ఉన్నాయి. పాలీహౌసులో పనిచేసేవాళ్ల మాటల్లో ఒడియా, హిందీ వినిపిస్తున్నాయి.

నది నీళ్ల కోసం శాశ్వత నీరావరి హోరాట సమితి ఏళ్ల తరబడి చేసిన ఉద్యమానికి సర్కారు ఇచ్చిన జవాబులు రెండు. ఒకటి పడమటి కనుమల నుంచి ఎత్తిపోసే ఎత్తినహొళె. 2014లో ఈ జిల్లాలోనే శంకుస్థాపన జరిగింది, 2024 సెప్టెంబరులో సకలేశపుర వైపు మొదటి దశ మోటార్లు తిప్పారు. రెండోది హెబ్బాళ–నాగవార పథకం. బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధిచేసి రోజుకు 21 కోట్ల లీటర్లు గొట్టాల్లో పంపి 65 చెరువులు నింపాలని ఏర్పాటు. ఇలాంటిదే కోలారు వైపు కె.సి. వ్యాలీ. 2018లో అక్కడి చెరువులో నురుగు లేస్తే హైకోర్టు కొన్నాళ్లు ఆపింది. మూడో దశ శుద్ధి చేయందే ఆ నీళ్లు మా నేలలో ఇంకనీయమని సమితి పట్టు. బోర్లలో నీళ్లు పైకి వచ్చాయి కదా అని సర్కారు వాదన. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

ఈ పథకాల్లో ఒక షరతు ఉంది. నింపిన చెరువు నుంచి తూము ఎత్తి పొలానికి నీళ్లు పారించకూడదు, మోటారు పెట్టి తోడకూడదు. భూమిలోకి ఇంకడానికే ఆ నీళ్లు. ఇంకిన నీళ్లు పైకి తెచ్చుకోవాలంటే బోరు ఉండాలి, మోటారు ఉండాలి. చెరువు కింద అరెకరం మడి ఉండి బోరు లేని రైతుకు, ఇనాం మడి అమ్ముకున్న పాత నీరుగంటి మనవలకు, నిండిన చెరువు వల్ల దక్కేది గట్టు మీది గడ్డి, చేపల కాంట్రాక్టరు ఇచ్చే కూలి. ఎత్తే మోటార్లను నడిపే మీట బెంగళూరులో ఉంది.

(సశేషం)